చెప్పే ఉంటాను

మార్చి 6, బుధవారం

కళ్ళ డాక్టరుగారు వచ్చి వెళ్ళారు. పదిమంది పిల్లలు రావాలి. తొమ్మిదిమందే వచ్చారు. గుప్పెడు రాలేదు.

ఆ పేరు నేనే పెట్టాను. పదకొండు వారాలు ముందే తోసుకుని వచ్చేసింది. పదకొండు వందల గ్రాములు. ఎత్తుకుంటే చేతిలో ఉన్నట్టే ఉండేది కాదు. మా వార్డులో ఐదు వారాలుండి, కిలోన్నరకి కొంచెం తక్కువగా తేలి, పోయిన శుక్రవారమే ఇంటికెళ్ళింది.

"సిస్టర్, ఆ పాపని ఈ వారం తప్పకుండా చూడాలన్నాను కదా. వాళ్ళకి చెప్పారా?" అన్నారు డాక్టరుగారు, నెత్తి మీది లైటు విప్పుతూ.

"చెప్పానండీ."

చెప్పాను. ఇంటికి పంపేటప్పుడు ప్రతి తల్లికీ ఆరు విషయాలు చెప్తాను. బిడ్డని గుండెలకి ఆనించుకోవడం, రెండు గంటలకోసారి పాలు, చేతులు కడుక్కోవడం, ప్రమాదం గుర్తులు, బరువు చూపించే రోజు, కళ్ళ పరీక్ష రోజు. పందొమ్మిదేళ్ళుగా ఇదే పాట. నిద్రలో లేపినా చెప్తాను.

రిజిస్టరులో "తల్లికి చెప్పడమైనది" అన్న గడిలో నా సంతకం ఉంది. చూసుకున్నాను.

రేపు ఫోన్ చేస్తే సరి.

మార్చి 7, గురువారం

ఫోన్ స్విచాఫ్. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం మూడుసార్లు చేశాను. ఆ నంబరు పాప తండ్రిది. టైల్స్ వేసే మేస్త్రి. ఒకచోట పని అయిపోతే ఇంకోచోటికి వెళ్ళిపోతారు.

పెద్ద సిస్టర్‌తో అన్నాను. మా వార్డు బాధ్యత అంతా ఆవిడదే. "సంతకం ఉంది కదా. మనం చెప్పాం, వాళ్ళు రాలేదు. నువ్వెందుకే అంత కంగారుపడతావ్?" అంది.

నిజమే. చెప్పినప్పుడు పాప తల్లి తలూపింది కూడా. తలుపు దగ్గర నిలబడి ఉన్నాం. నీలం శాలువా కప్పుకుంది.

మార్చి 8, శుక్రవారం

స్విచాఫ్.

మార్చి 9, శనివారం

సెలవు. బట్టలు ఆరేస్తుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. "ఏమిటే అమ్మాయ్, మూడు రోజులనుంచి ముద్ద మింగుడు పడనట్టు ఉన్నావ్?" అంది. చెప్పాను.

"కళ్ళు బాగానే ఉన్నాయని పంపించాక మళ్ళీ చూడ్డం దేనికి?"

నెలలు నిండకుండా పుట్టిన వాళ్ళకి కంటి వెనక పరదా ఇంకా పూర్తిగా తయారుకాదు, దాని రక్తనాళాలు బయటికొచ్చాక పెరుగుతాయి, కొందరిలో అవి దారితప్పి అడ్డదిడ్డంగా పెరిగి పరదాని లాగేస్తాయి అని చెప్పాను. పైకి ఏమీ తెలీదు. కన్ను చక్కగా, నల్లగా, నిగనిగలాడుతూనే ఉంటుంది. సమయానికి చూస్తే లేజరుతో ఆపొచ్చు. ఆ సమయం రోజుల్లో ఉంటుంది, నెలల్లో కాదు.

"అయితే ఆ పిల్లకి అంత ముఖ్యమైన సంగతి చెప్పావా?"

"చెప్పానత్తయ్యా. తలుపు దగ్గర నిలబెట్టి మరీ చెప్పాను. నీలం శాలువా కప్పుకుంది. తలూపింది. నేను చెప్తుంటే పాప తుమ్మింది కూడా."

అత్తయ్య బకెట్లోంచి తువ్వాలు తీసి పిండి నాకిచ్చింది. "చెప్పానని ఇప్పటికి మూడుసార్లు అన్నావ్. నిజాన్ని ఇన్నిసార్లు చెప్పక్కర్లేదే."

ఈవిడతో ఇదే బాధ. చెవులు సగమే వినిపిస్తాయి. ఆ సగంలో మనం అనని మాటలు వినిపిస్తాయి.

మార్చి 11, సోమవారం

కళ్ళ పరీక్షకి గులాబి రంగు కాగితాల పుస్తకం ఒకటుంది. ఒక్కో కాగితానికి రెండు ముక్కలు. తారీఖు రాసి ఒక ముక్క చించి తల్లికిస్తాం, రెండోది పుస్తకంలో ఉండిపోతుంది.

ఈ రోజు ఇంకో బిడ్డకి రాయడానికి ఆ పుస్తకం తీశాను.

గుప్పెడు కాగితం రెండు ముక్కలూ పుస్తకంలోనే ఉన్నాయి.

నా చేతిరాతే. మార్చి ఆరు, బుధవారం, పొద్దున తొమ్మిదిన్నర. చించలేదు.

పేజీ తిప్పేశాను. పక్క బిడ్డకి రాసి ఇచ్చాను.

కాగితం ఇవ్వడం మర్చిపోయి ఉండొచ్చు. నోటితో మాత్రం చెప్పే ఉంటాను.

మార్చి 12, మంగళవారం

ఈ రోజు ఏడో మంచం తల్లి బిడ్డ బరువు చూపించడానికి వచ్చింది. వార్డులో ఉన్నప్పుడు ఆవిడా, గుప్పెడు తల్లీ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పిల్లల్ని గుండెల మీద పడుకోబెట్టుకునేవాళ్ళు. రోజుకి ఎనిమిదేసి గంటలు. అంతసేపు కలిసి కూర్చుంటే ఇంట్లో ఎన్ని గరిటెలున్నాయో కూడా తెలిసిపోతుంది.

"ఆ అమ్మాయి ఎక్కడుందో నీకేమైనా తెలుసామ్మా?"

"వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిందండీ. వాళ్ళాయన ఫోన్ సున్నం నీళ్ళ బకెట్లో పడిపోయింది. అక్క నంబరు నా దగ్గర లేదు గానీ ఊరు తెలుసు. బస్టాండు ఎదురుగా సైకిళ్ళ షాపు, దాని పక్క మేడ మీద గది అంది."

రెండు బస్సులు మారాలి. మొత్తం మూడు గంటల ప్రయాణం.

నేను ఎవరినీ అడగని ప్రశ్న ఒకటి ఆవిడని అడిగాను. "నీకు కళ్ళ పరీక్ష సంగతి నేను చెప్పానా?"

"అయ్యో, చెప్పారు కదండీ! కాగితం కూడా ఇచ్చారు." సంచీలోంచి తీసి చూపించింది. నాలుగు మడతలు పెట్టి దాచుకుంది.

చూశావా. చెప్తాను నేను. అందరికీ చెప్తాను.

మార్చి 13, బుధవారం

డాక్టరుగారు మళ్ళీ అడిగారు. రాలేదన్నాను.

"రెండు వారాలైపోయింది సిస్టర్. ఆ రోజు కుడి కంట్లో కొంచెం మొదలైంది, ఎడమది నాకు అసలు నచ్చలేదు. అందుకే వారంలో రమ్మన్నాను. ఇంకా ఆలస్యమైతే నా చేతుల్లో ఏమీ ఉండదు. కొంతమంది తల్లిదండ్రులకి ఎంత చెప్పినా అంతేనా?"

నేను పళ్ళెంలో చుక్కల మందు సీసాలు సర్దుతున్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

రేపు సెలవు పెట్టాను. నేనే వెళ్తాను.

మార్చి 14, గురువారం

రెండో బస్సులో నిలబడే వెళ్ళాను. సైకిళ్ళ షాపు దొరికింది. మేడ మెట్లు ఇరుకు, కమ్మీ లేదు. ఇలాంటి మెట్లెక్కి బిడ్డనెత్తుకుని వచ్చిందా అనుకున్నాను.

తలుపు తీసి, నన్ను చూసి ఆ అమ్మాయి మొహం ఎంత విప్పారిందో! "అక్కా, మా సిస్టరుగారే! నేను చెప్తుంటానే, ఆవిడే!" అని లోపలికి కేకేసింది. వాళ్ళక్క పరుగున వచ్చి కుర్చీ తుడిచింది.

నేను కూర్చోబోతే, "ఉండండి, ముందు చేతులు కడుక్కోండి" అంది ఆ అమ్మాయి. వెంటనే నాలిక కరుచుకుంది. "మీరే కదండీ చెప్పారు, ఎవరొచ్చినా అని."

తలుపు పక్కనే సబ్బు, చెంబు, ఉతికిన తువ్వాలు. కడుక్కున్నాను.

గోడకి క్యాలెండరు. ప్రతి తారీఖు గడిలోనూ చిన్న చిన్న గీతలు. రెండు గంటలకో గీత, రోజుకి పన్నెండు. పాలు పట్టిన లెక్క. ఒక్క రోజు మాత్రం పదకొండే ఉన్నాయి. "ఆ రోజు నాకు జ్వరం, నిద్ర పట్టేసింది. ఏమైనా అవుతుందేమోనని మర్నాడంతా ఏడ్చాను" అంది.

పాప తల్లి గుండె మీద, జాకెట్టు లోపల, కోతిపిల్లలా అతుక్కుని ఉంది. టోపీ, మేజోళ్ళు. బాగా ఒళ్ళు చేసింది.

"మీరు చెప్పినవన్నీ చేస్తున్నానండీ" అని వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "గుండెకి ఆనించుకోవడం. పాలు. చేతులు. ఊపిరి ఎగపోసినా, ఒళ్ళు చల్లబడినా, పాలు మానేసినా పరిగెత్తుకు రావడం. ఇరవయ్యో తారీఖు బరువుకి తీసుకురావడం. అయిదూ చేస్తున్నాను."

అయిదు.

చిటికెన వేలు నుంచి మొదలుపెట్టి బొటనవేలు దగ్గర ఆగిపోయింది. నేను రెండో చెయ్యి వైపు చూస్తూ ఉండిపోయాను. ఆరోది వస్తుందేమోనని.

ఇంత చేసిన మనిషి, చెప్తే, అది ఒక్కటీ చెయ్యదా?

నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చిన మాట ఇది: "డాక్టరుగారు పాప కళ్ళు ఇంకోసారి చూస్తానన్నారమ్మా. రేపే రావాలి."

"కళ్ళా? ఏమైనా అయిందా అండీ? బాగా చూస్తుందే."

"ఊరికే. ఒకసారి."

ఊరికే అన్నాను. రాసుకుంటేనే సిగ్గుగా ఉంది.

మార్చి 15, శుక్రవారం

తొమ్మిదింటికే వచ్చారు. తల్లి, తండ్రి. తండ్రి భారీ మనిషి, గోళ్ళ నిండా సిమెంటు. ప్రత్యేకంగా ఈ ఒక్క బిడ్డ కోసం డాక్టరుగారు వచ్చారు.

చుక్కలు వేశాం. పాప తల నేనే పట్టుకున్నాను. రెప్పలు విడదీసే క్లిప్పు పెడితే ఎలా ఏడుస్తారో వేలసార్లు విన్నాను. ఈ రోజు మొదటిసారి విన్నట్టుంది. డాక్టరుగారు కుడి కన్ను చూశారు. తర్వాత ఎడమది. ఎడమది చాలాసేపు చూశారు. మళ్ళీ కుడిది. మళ్ళీ ఎడమది.

తల్లిదండ్రుల్ని లోపలికి పిలిచారు.

కుడి కంటికి రేపే లేజరు చెయ్యాలి, చేస్తే చూపు నిలబడే అవకాశం బాగా ఉంది. ఎడమ కంట్లో పరదా ఊడడం మొదలైంది. దానికి పెద్దాసుపత్రిలో ఆపరేషను చెయ్యాలి. చేసినా ఎంత చూపు వస్తుందో చెప్పలేం.

ఆ అమ్మాయి డాక్టరుగారి నోటినే చూస్తోంది, మాటలు ఎప్పుడు ఆగుతాయా అన్నట్టు.

"ఆరో తారీఖున రమ్మంటే ఎందుకు రాలేదమ్మా? అప్పుడొచ్చి ఉంటే రెండు కళ్ళకీ లేజరుతో సరిపోయేదేమో! అయిదు వారాలు కళ్ళలో వత్తులేసుకుని కాపాడిన బిడ్డ కదా!" డాక్టరుగారు మంచివారు. కోపం కంటే బాధే ఎక్కువుంది ఆ గొంతులో. అది ఇంకా ఘోరం.

"రమ్మన్నారా అండీ?" అంది.

"సిస్టరు చెప్పారు కదా."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. తప్పు పట్టే చూపు కాదు. పరీక్షలో జవాబు గుర్తురాక పక్క పిల్ల వైపు చూస్తామే, అలా చూసింది. తర్వాత తల దించుకుని అంది:

"చెప్పే ఉంటారండీ. నా బుర్రకే ఎక్కలేదేమో."

మొగుడు అటు తిరిగి, "నీకు చెప్పింది ఒక్కటైనా గుర్తుంటే కదా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నేను అక్కడే ఉన్నాను. పాప తల ఇంకా నా రెండు చేతుల మధ్యే ఉంది.

ఏమీ అనలేదు.

మార్చి 16, శనివారం

కుడి కంటికి లేజరు అయింది. బాగా జరిగిందన్నారు.

మార్చి 17, ఆదివారం

తలనొప్పి.

మార్చి 18, సోమవారం

పెద్దాసుపత్రి వాళ్ళు ఎడమ కంటి ఆపరేషనుకి శుక్రవారం రమ్మన్నారు. అందాకా తల్లీ బిడ్డా మా దగ్గరే. ఆ అమ్మాయి ఇప్పుడు ప్రతి మాటా రెండుసార్లు అడుగుతోంది. "ఎన్ని చుక్కలండీ? రెండా? రెండేనా?" చేతి మీద పెన్నుతో రాసుకుంటోంది. స్నానం చేస్తే పోతుందని స్నానం మానేసిందట, ఏడో మంచం తల్లి చెప్పింది.

నా వల్లే ఇలా అయింది.

అని రాయగలిగాను. కాగితం మీద రాయడం తేలిక.

మార్చి 19, మంగళవారం

ఇవాళ చెప్దామనుకున్నాను. వాళ్ళాయన ఉన్నాడు. కుదరలేదు.

మార్చి 20, బుధవారం

ఇవాళ చెప్దామనుకున్నాను. డాక్టరుగారి రోజు. పని ఎక్కువ.

అత్తయ్యకి చెప్పాను. గులాబి కాగితం సంగతితో సహా. ఏమంటుందో అని చూశాను. "నాకు చెప్తే నీకు బరువు తగ్గుతుంది. ఆ పిల్లకి తగ్గదు కదే" అంది.

మార్చి 21, గురువారం

చెప్పాను.

మధ్యాహ్నం పాలు పట్టే వేళకి వెళ్ళి పక్క కుర్చీలో కూర్చున్నాను. వాళ్ళిద్దరే ఉన్నారు.

"నువ్వు మర్చిపోలేదమ్మా. నేను చెప్పలేదు. తారీఖు రాసిన కాగితం పుస్తకంలోనే ఉండిపోయింది. సాయంత్రం అందరివీ కలిపి సంతకాలు పెట్టేటప్పుడు నీ గడిలో కూడా పెట్టేశాను. కాగితం పదకొండో తారీఖునే చూశాను. నీకు మొన్న చెప్పాల్సింది. డాక్టరుగారి ముందు చెప్పాల్సింది. భయపడ్డాను."

పాపకి పాలు పట్టే గిన్నె పక్కన పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది, చప్పుడు కాకుండా.

"ఆ రోజు మీరు అయిదు చెప్పారు. లోపల ఏదో మిషను మోగింది. 'ఇప్పుడే వస్తా, ఉండమ్మా, ఇంకొకటుంది' అన్నారు. ఇంకొకటుంది అన్నారు! అది నాకు గుర్తుందండీ. గంట కూర్చున్నాను బల్ల మీద. ఆయన బండి తెచ్చి తొందర పెడుతున్నాడు. తలుపు అద్దంలోంచి చూశాను. మీరు ఎవరి బిడ్డకో ఊపిరి అందిస్తున్నారు, చెమటలు కారుతున్నాయి మీకు. ఇప్పుడు పిలవడం బాగోదని వెళ్ళిపోయాను."

ఆ రోజు కవలలు వచ్చారు. రెండోవాడు నీలంగా ఉన్నాడు. ఇప్పుడు బాగున్నాడు. నీలం శాలువా లేదు, తల ఊపడం లేదు, తుమ్ము లేదు. అన్నీ నేనే అల్లుకున్నాను.

"ఇంకొకటుంది అన్నారు కదా, అదేంటో అడగకుండా పోయానే అని వారం రోజులుగా నన్ను నేను కొట్టుకుంటున్నాను. ఆయన నాతో సరిగా మాట్లాడట్లేదు. మా అక్క కూడా, ఎంత మతిమరుపే నీకు అంది. అది వింటూ కూడా మీరు..." అని ఆగింది. గొంతు పెరగలేదు. పెరిగితే పాప లేస్తుంది. "ఇన్ని రోజులా సిస్టరుగారూ?"

"అవునమ్మా."

"ఆయన కింద టీ కొట్టు దగ్గరున్నాడు. వెళ్ళి ఆయనకి చెప్పండి. ఇప్పుడే. నేను చెప్తే నమ్మడు."

వెళ్ళాను. యూనిఫాంలోనే, టీ కొట్టు దగ్గర అందరి మధ్యా చెప్పాను. ఆ మనిషి కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టి, నన్ను దాటుకుని మెట్ల వైపు పరిగెత్తాడు. నేను పైకి వెళ్ళేసరికి పెళ్ళాం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ అతని వైపు చూడట్లేదు. అతని తల మీద చెయ్యి మాత్రం ఉంది.

నేను తలుపు దగ్గరి నుంచే వెనక్కి వచ్చేశాను.

మార్చి 22, శుక్రవారం

వాళ్ళు పెద్దాసుపత్రికి వెళ్ళారు. నేను పెద్ద సిస్టర్‌కీ, డాక్టరుగారికీ, సూపరింటెండెంటుగారికీ జరిగిందంతా రాసి ఇచ్చాను.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదే" అంది పెద్ద సిస్టర్. తలుపు వేసి వచ్చి ఇంకోమాట అంది. "ఆ గడిలో సాయంత్రం అందరివీ కలిపి సంతకాలు పెట్టడం నేను నేర్పిందేగా నీకు."

డాక్టరుగారు చదివి, కళ్ళజోడు తీసి, "ఆవిడ మీద అరిచాను కదా నేను" అన్నారు. అంతే. ఆపరేషను దగ్గరుండి చూస్తానని తనూ పెద్దాసుపత్రికి బయల్దేరారు.

మార్చి 23, శనివారం

ఆపరేషను అయింది. పరదా చాలావరకు అతుక్కుందట. చూపు సంగతి నెలలు గడిస్తే గానీ తెలీదు.

ఏప్రిల్ 2, మంగళవారం

మెమో వచ్చింది. రెండు నెలలు వార్డులోకి వెళ్ళకూడదు. కింద చీటీలిచ్చే కిటికీలో కూర్చోవాలి. జూనియర్లు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. అంత జాలి అక్కర్లేదు.

ఏప్రిల్ 10, బుధవారం

నెలలు నిండి ఉంటే గుప్పెడు ఈ రోజు పుట్టాల్సింది.

ఏప్రిల్ 18, గురువారం

సూపరింటెండెంటుగారు పిలిచారు. ఇంకేం మిగిలిందా అనుకుంటూ వెళ్ళాను. "ఈ తప్పు నువ్వు చెయ్యకపోయినా ఇంకొకరు చేసేవారు. మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలో రాసుకురా" అన్నారు.

కిటికీలో కూర్చుని చీటీల వెనక రాశాను. ఇంటికి పంపే రోజు కాదు, ముందు రోజే చెప్పాలి, కూర్చోబెట్టి. మనం చెప్పాక తల్లి చేత తిరిగి చెప్పించుకోవాలి. సంతకం మనది కాదు, తల్లిది ఉండాలి. రెండు ఫోన్ నంబర్లు, అందులో ఒకటి తోటి తల్లిది. రానివాళ్ళకి ఆ మధ్యాహ్నమే ఫోన్. దొరక్కపోతే మర్నాడే మనిషి వెళ్ళాలి. కళ్ళకో రోజు, చెవులకో రోజు, కాళ్ళూ చేతులకో రోజు అని తిప్పకుండా అన్నీ ఒకే రోజు, ఒకే గదిలో చూడాలి. దూరం నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళు నాలుగుసార్లు రారు. వచ్చే ఓపిక లేక కాదు, రాలేక.

రాస్తుంటే కిటికీ అవతల ఒకాయన, "చీటీ ఇస్తారా, కవిత్వం రాసుకుంటారా?" అని కేకేశాడు. ఇచ్చాను.

జూన్ 5, బుధవారం

వెనక మందుల గది ఖాళీ చేసిచ్చారు. గోడకి సున్నం వేశారు. నేల మీద చాప. మా కళ్ళ డాక్టరుగారు, ఒక పిల్లల డాక్టరమ్మ, కాళ్ళూ చేతులూ ఆడించే ఫిజియో అమ్మాయి, నేను. ప్రతి బుధవారం. మొదటి రోజు ఇరవై ఆరుమంది రావాలి, పందొమ్మిదిమంది వచ్చారు. మిగతా ఏడుగురికీ సాయంత్రంలోపే ఫోన్ చేశాం. ఆరుగురు దొరికారు. ఏడో ఇంటికి రేపు వెళ్తున్నాను.

గుప్పెడు వచ్చింది. పొద్దున్నే, అందరికంటే ముందు. తల్లి నన్ను చూసి, ఫిజియో అమ్మాయి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

జూన్ 19, బుధవారం

పాపని తూకం వెయ్యడానికి చేతులు చాచాను. ఆ అమ్మాయి నాకివ్వకుండా తనే తీసుకెళ్ళి తూకం మీద పెట్టింది. న్యాయమే.

జూలై 10, బుధవారం

ఎడమ చెయ్యి పిడికిలి బిగుసుకునే ఉంటోందని ఫిజియో అమ్మాయి పట్టేసింది. ఇప్పుడే దొరికింది కాబట్టి రోజూ నాలుగుసార్లు వ్యాయామం చేయిస్తే విప్పుకుంటుందంది. ఏడాది తర్వాత చూసి ఉంటే కష్టమయ్యేదట. తల్లి మొత్తం విని, తిరిగి చెప్పింది. ఒక్క మాట పొల్లుపోలేదు. క్యాలెండరులో ఇప్పుడు ఇంకో రంగు గీతలు.

ఈ మధ్య కొత్తగా ఇంటికెళ్ళే తల్లుల దగ్గరికి తనే వెళ్ళి కూర్చుంటోంది. ఎవరూ అడగలేదు. "ఆవిడ ఏమేం చెప్పింది? నాకు చెప్పు చూద్దాం" అంటుంది, నా వైపు చూపించి. మొన్న ఒకమ్మాయి తడబడితే, "వెళ్ళి మళ్ళీ అడుగు. లోపల ఎవరి ప్రాణం పోతున్నా సరే, తలుపు కొట్టి అడుగు" అంది. నాకు వినపడేలాగే అంది.

ఆగస్టు 14, బుధవారం

పుట్టిన రోజు నుంచి లెక్కేస్తే ఏడో నెల నడుస్తోంది. పుట్టాల్సిన రోజు నుంచి అయితే నాలుగు. మేము నాలుగే లెక్కేస్తాం. నాలుగు నెలల పిల్ల చెయ్యాల్సినవి దాదాపు అన్నీ చేస్తోంది. కుడి కన్ను బాగుంది. ఎవరు నవ్వినా తిరిగి నవ్వుతుంది. పిడికిలి సగం విప్పుకుంది.

గదిలో రద్దీ తగ్గాక, ఆ అమ్మాయి నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"నేను మిమ్మల్ని క్షమించానని అనుకుంటున్నారేమో, లేదు."

"అనుకోవట్లేదమ్మా."

"మా అక్కావాళ్ళ ఊరికి దగ్గర్లో ఇంకో ఆసుపత్రుంది. ఒక్క బస్సే. అక్కడికి వెళ్దామంటాడు ఆయన. నేనే వద్దన్నాను. అక్కడెవరైనా మర్చిపోవచ్చు. మీరు ఇక ఈ జన్మలో మర్చిపోరు."

కార్డు తీసుకుని తర్వాతి తారీఖు రాసి, చదివి వినిపించాను. తను తిరిగి చెప్పింది.

అప్పుడే ఫిజియో అమ్మాయి పిలిచింది. కళ్ళ డాక్టరుగారు తనకి అప్పగించి వెళ్ళిన ఎడమ కంటి పరీక్ష. కుడి కంటికి మెత్తటి గుడ్డ కట్టి, కిటికీ తెర వేసి, ఎడమ పక్క నుంచి చిన్న లైటు చూపించాలి. దానికి పాపని ఒకరు కదలకుండా ఒళ్ళో పట్టుకోవాలి. తల్లి ఒళ్ళో ఉంటే పాప తల్లి గొంతు వైపే తిరుగుతుంది, అందుకని వేరే ఎవరైనా పట్టుకోవాలంది.

గదిలో ఇంకెవరూ లేరు.

ఆ అమ్మాయి కాసేపు నిలబడింది. తర్వాత పాపని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తలని నా మోచేతి వంపులోకి సర్ది, తను నా వెనక్కి వెళ్ళి నిలబడింది. పాప వెచ్చగా, బరువుగా ఉంది. గుడ్డ లాగేసుకోవాలని చూస్తోంది.

లైటు వెలిగింది. ఏమీ లేదు. పాప నా గుండీని పట్టుకుని ఆడుతోంది. లైటు ఆర్పి, మళ్ళీ వెలిగించింది. ఏమీ లేదు.

మూడోసారి, గుండీ మీద చెయ్యి ఆగిపోయింది. తల మెల్లగా, చాలా మెల్లగా, ఎడమ పక్కకి తిరిగింది. లైటు పైకి జరిగితే గడ్డం కూడా పైకి లేచింది.

"మళ్ళీ చెయ్యండి" అంది ఆ అమ్మాయి, నా భుజం గట్టిగా పట్టుకుని.

మళ్ళీ చేశాం. మళ్ళీ తిరిగింది.

"మళ్ళీ" అంది.